పిల్లలిద్దరూ పెద్దవాళ్ళయ్యారు, పాత మనోవర్తి బాకీకి ఇప్పుడు ఈ.పి. (డిక్రీ అమలు పిటిషను) వేశారు. కట్టాలా?

కృష్ణలంక_వాసి
14 మార్చి 2025, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకోండి.

నా వయసు 57. బెజవాడ ఆటోనగర్లో లారీల బాడీ కట్టే షెడ్డులో సూపర్‌వైజరుని, జీతం 27 వేలు. మొదటి భార్యతో 2008 మార్చిలో మ్యూచువల్ మీద విడాకులయ్యాయి. అప్పటికి పాపకి తొమ్మిది నిండాయి, బాబుకి ఆరు. పిల్లలు తల్లి దగ్గరుండేట్టు, నేను ఒక్కొక్కరికి 1,500 చొప్పున ప్రతి నెలా 10వ తేదీలోపు ఆమెకి కట్టేట్టు, వాళ్ళ మైనారిటీ తీరేవరకు, అని డిక్రీలో రాశారు. 2008 ఏప్రిల్ నుంచి పద్నాలుగు నెలలు మనియార్డరు చేశాను. 2009లో నా ఎలక్ట్రికల్ షాపు ఎత్తేయాల్సొచ్చింది. ఆ తర్వాత కుదర్లేదు. 2010లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను, ఒక పాప, తొమ్మిదో తరగతి.

ఇప్పుడు పెద్దపాపకి 26, ఉద్యోగం చేస్తోంది. బాబుకి 23, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. వాడు పండక్కి ఫోన్ చేస్తాడు, బాగానే మాట్లాడతాడు. పోయిన వారం కోర్టు నోటీసు వచ్చింది. జనవరి మొదటి వారంలో ఆమె ఈ.పి. వేసిందట, 3,04,500 రూపాయలకి.

పిల్లలు సంపాదించుకుంటుంటే ఈ డబ్బు ఇక ఎవరి పోషణకి? కావాలంటే అప్పుడే అడగొచ్చుగా, ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకు? సంవత్సరం దాటిన బాకీ చెల్లదని మా షెడ్డుకొచ్చే ఒకాయన చెప్పాడు. పైగా పాప ఓణీల ఫంక్షనుకి నేను 30 వేలు చేతికిచ్చాను, అది లెక్కలోనే చూపించలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

ఓరుగల్లు_తమ్ముడు
14 మార్చి 2025, రాత్రి 10:40

అన్నా, ఏమనుకోకు. కుదర్లేదు అంటున్నవ్. పదేండ్లు కుదర్లేదా? నడుమ పెండ్లి మాత్రం కుదిరింది.

---

నేనూ_నాన్ననే
14 మార్చి 2025, రాత్రి 11:05

వచ్చీరాగానే రాళ్ళు వేయకండి తమ్ముడూ. ఆ మనిషి సలహా అడిగాడు. నేను ఆరేళ్ళు నెలనెలా కట్టాను, ఆ ఆరేళ్ళలో మా అబ్బాయిని చూసింది పదకొండుసార్లు. ఆదివారం వెళ్తే జ్వరమనేవాళ్ళు, ఊరెళ్ళాడనేవాళ్ళు. ఏటీఎం మెషినుకి కూడా పండక్కి ఓ బొట్టు పెడతారు. కృష్ణలంక గారూ, పిల్లల్ని మీకు చూపించారా అసలు?

---

కృష్ణలంక_వాసి
14 మార్చి 2025, రాత్రి 11:21

మొదట్లో చూపించారు. తర్వాత నేనే వెళ్ళడం తగ్గించాను. వాళ్ళమ్మ వాళ్ళు తెనాలి మారిపోయారు.

---

అడ్వకేట్_కడప
15 మార్చి 2025, ఉదయం 7:30

సార్, మీ షెడ్డుకొచ్చే ఆయన సగం విని సగం చెప్పినాడు. ఆ సంవత్సరం గడువు వేరే దారిది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్ కింద (2024 జూలై 1 నుంచి అది నాగరిక సురక్షా సంహితలో 144) మేజిస్ట్రేటు ఇచ్చిన మనోవర్తి అయితే, ఏ నెల బాకీకైనా అది పడిన తేదీ నుంచి ఏడాదిలోపు అర్జీ పెడితేనే వారంటు ఇస్తారు. అక్కడ కూడా పోయేది వారంటు దారే, బాకీ పోదు. 2013లో పూంగోడి వర్సెస్ తంగవేల్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. జైలుకి పోయొచ్చినా బాకీ తీరదని 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో చెప్పినారు. మీది అదీ కాదు. విడాకుల డిక్రీలో షరతుగా రాసినది సివిల్ డిక్రీ. దాని అమలుకి లిమిటేషన్ చట్టం 136వ అధికరణం, పన్నెండేళ్ళు. నెలనెలా కట్టాల్సినదైతే ఏ నెలకి ఆ నెల ఎగ్గొట్టిన తేదీ నుంచి లెక్క.

పిల్లల్ని చూపించలేదనే మాట కూడా ఈ.పి.లో పనికిరాదు. చూపించకపోతే దానికి వేరే పిటిషను వేసుకోవాల. డబ్బు ఆపడం దానికి జవాబు కాదు.

---

పాత_గుమాస్తా
15 మార్చి 2025, ఉదయం 9:15

లాయరు బాబు చెప్పింది సరే. నేను ముప్పై ఒక్కేళ్ళు ప్లీడరు గుమాస్తాగా చేసినవాణ్ణి. చట్టం ఆయన చెప్తాడు, లెక్క నేను వేస్తా.

డిక్రీ 2008 ఏప్రిల్ నుంచి. పాపకి పద్దెనిమిది నిండింది 2016 మేలో అనుకుంటా (మీరు చెప్పిన వయసుల్ని బట్టి), బాబుకి 2019 జూన్లో. పాపకి 97 నెలలు, 1,45,500. బాబుకి 134 నెలలు, 2,01,000. కలిపి 3,46,500. మీరు కట్టిన పద్నాలుగు నెలలు 42,000 తీస్తే 3,04,500. అంటే ఆమె మీ మనియార్డర్లు ప్రతి ఒక్కటీ మినహాయించే వేసింది. వడ్డీ కూడా అడగలేదు. డిక్రీలో వడ్డీ మాట లేకపోతే ఈ.పి. కోర్టు కొత్తగా వేయలేదు గనక అడిగినా రాదనుకోండి, కానీ చాలామంది అడిగి చూస్తారు. ఈవిడ అదీ చేయలేదు.

ఇప్పుడు పన్నెండేళ్ళ గడువు. ఈ.పి. 2025 జనవరి 10కి ముందే పడింది కాబట్టి 2013 జనవరి నుంచి ఉన్న నెలలన్నీ బతికున్నట్టే. పాపవి 40 నెలలు 60,000, బాబువి 77 నెలలు 1,15,500. మొత్తం 1,75,500. ఇది ఖాయంగా కట్టాల్సింది. 2009 జూన్ నుంచి 2012 డిసెంబరు వరకు 43 నెలలు, 1,29,000, అది గడువు దాటినట్టు కనిపిస్తోంది.

కనిపిస్తోంది అన్నాను, గమనించండి. ఇంతకుముందు ఆమె ఎప్పుడైనా ఈ.పి. వేసిందా? గుర్తు చేసుకుని చెప్పండి.

ముప్పై వేల సంగతి. చేతికిచ్చినదాన్ని కోర్టులో నమోదు చేయించారా? లేకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 2 ప్రకారం ఈ.పి. కోర్టు దాన్ని చూడనే చూడదు. మనియార్డరు రసీదు, బ్యాంకు చలానా అయితే నిలుస్తుంది. చేతిలో పెట్టిన నోటు నిలవదు. దీని దగ్గర బోల్తాపడ్డ మగాళ్ళని కనీసం యాభైమందిని చూశాను.

---

కృష్ణలంక_వాసి
15 మార్చి 2025, మధ్యాహ్నం 1:50

గుమాస్తా గారూ, ధన్యవాదాలు. అయితే 1,75,500 కడితే చాలన్నమాట. నేను భయపడినంత లేదు. ముందు ఈ.పి. ఏమీ లేదనే అనుకుంటున్నాను. బాబుతో మాట్లాడి, వాళ్ళమ్మకి నచ్చజెప్పమని అడుగుదామనుకుంటున్నాను. వాడు నా మాట కాదనడు. ఇంతకీ ఇల్లు, జీతం ఏమైనా ఎటాచ్ (జప్తు) చేస్తారా?

---

ఓరుగల్లు_తమ్ముడు
15 మార్చి 2025, మధ్యాహ్నం 2:02

ఆ పోరన్ని నడుమల పెట్టకు అన్నా. చిన్నప్పుడు పైసలియ్యకపోతివి, ఇప్పుడు వాని నెత్తి మీద పంచాయితీ పెడ్తవా?

మా నాయిన గూడ గిట్లనే చేసిండు. నాకు 22 ఏండ్లున్నప్పుడు, "మీ అమ్మకు చెప్పు, కేసు వాపస్ తీసుకొమ్మను" అన్నడు. నేను చెప్పిన గూడ. మా అమ్మ ఏమనలే, సంతకం చేసింది. నెల రోజులు నాతోని సరిగ మాట్లాడలే. ఇప్పటికి ఎనిమిదేండ్లాయె, ఆ నెల నేను మర్చిపోలే.

---

అడ్వకేట్_కడప
15 మార్చి 2025, సాయంత్రం 6:10

జీతం సంగతి. మామూలు అప్పుల డిక్రీకైతే జీతంలో ఎక్కువ భాగానికి రక్షణ ఉంటాది. మనోవర్తి డిక్రీకి అట్ల కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం మూడో వంతు మాత్రమే మీకు మిగుల్తాది, మిగతా రెండు వంతులు ఎటాచ్ చేయొచ్చు. 27 వేలలో 9 వేలు మీవి, 18 వేల దాకా కోర్టు ఆపుకోవచ్చు. పీఎఫ్, గ్రాట్యుటీ జోలికి రారు. ఇల్లు మీ పేరు మీద ఉంటే ఎటాచ్ చేసి వేలానికి పెట్టొచ్చు. అరెస్టు కూడా అడగొచ్చు, కానీ దానికి మీకు కట్టే శక్తి ఉండీ కట్టడం లేదని ఆమె చూపించాల. సివిల్ జైలు గరిష్ఠంగా మూడు నెలలు.

---

పాత_గుమాస్తా
15 మార్చి 2025, సాయంత్రం 6:45

అందులో ఒక తమాషా చెప్తాను. సివిల్ జైల్లో ఉన్నన్నాళ్ళు ఆ మనిషి తిండి ఖర్చు, బత్తా అంటాం, ముందుగా కట్టాల్సింది అరెస్టు అడిగినవాళ్ళే. అంటే పదేళ్ళు పిల్లలకి ఒంటరిగా తిండి పెట్టినావిడ, ఆయనకీ పెట్టాలి. ఒకావిడకి ఈ సంగతి చెబితే మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని నవ్వింది. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

---

డల్లాస్_చలిమంట
15 మార్చి 2025, రాత్రి 9:30

ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను. అమెరికాలో పిల్లలకి పెళ్ళిళ్ళైపోయినా పాత బాకీ కదలదు. 1986లో బ్రాడ్లీ సవరణ అని ఫెడరల్ చట్టం వచ్చింది. అప్పటినుంచి గడిచిపోయిన నెలల బాకీని ఏ జడ్జీ వెనక్కి వెళ్ళి తగ్గించలేడు. ఉద్యోగం పోతే పోయిన నెలలోనే తగ్గించమని పిటిషను వేసుకోవాలి, వేయకపోతే మీటరు తిరుగుతూనే ఉంటుంది. టెక్సాస్‌లో ఆ బాకీ మీద 6 శాతం వడ్డీ, కాలిఫోర్నియాలో 10.

నా పాత రూమ్మేటు 2009 లేఆఫుల్లో ఉద్యోగం పోగొట్టుకుని, "దొరికాక చూద్దాంలే" అని పిటిషను వేయలేదు. బాకీ 2,500 డాలర్లు దాటితే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వరు, రెన్యూ చెయ్యరు. ఇతను అప్పటికే సిటిజను. రాజమండ్రిలో వాళ్ళమ్మ పోయిందని ఫోనొచ్చినప్పుడు పాస్‌పోర్టు గడువు తీరి ఉంది. కర్మకాండ అంతా వీడియో కాల్లో చూశాడు. ఆ కూతురికి అప్పటికి 24 ఏళ్ళు. చేతికిచ్చిన డబ్బు లెక్కలోకి రాకపోవడం ఇక్కడా ఉందండోయ్. ఆఫీసు ద్వారా వెళ్ళకపోతే బహుమతి అంటారు.

---

వేపచెట్టు
16 మార్చి 2025, ఉదయం 11:20

ఎవరూ అనని మాట నేనంటాను. నేను అలాంటి మనిషికి రెండో భార్యని. పెళ్ళిచూపుల్లో ఆయన "పిల్లల బాధ్యత సెటిలైపోయింది" అన్నాడు. నేను నమ్మాను. మా పెళ్ళైన ఏడో ఏట జీతం ఎటాచ్ అయింది. మా అబ్బాయి స్కూలు బస్సు మాన్పించి ఆటోలో పంపాను. కోపం మొదట ఆవిడ మీద వచ్చింది, ఆ పిల్లల మీద వచ్చింది. ఒకరోజు ఇంట్లో ఆ డిక్రీ కాగితం దొరికింది. నెలకి 2,000. మేము కేబుల్‌కి, ఆయన సిగరెట్లకి పెట్టినంత. ఆ నెలలన్నీ మా సంసారం ఆ డబ్బుతో నడిచిందని అప్పుడు అర్థమైంది. నాకు తెలియకుండా నేనూ అందులో తిన్నాను.

కృష్ణలంక అన్నయ్య గారూ, ఇప్పుడున్న మీ ఆవిడకి ఈ నోటీసు సంగతి చెప్పారా?

---

కృష్ణలంక_వాసి
16 మార్చి 2025, రాత్రి 8:55

లేదమ్మా. చెప్పాలి.

---

నేనూ_నాన్ననే
16 మార్చి 2025, రాత్రి 9:20

అందరూ కలిసి ఆయన్ని దోషిని చేసేశారు. షాపు మూతపడ్డవాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? మగవాడి కష్టం ఎవరికీ కనపడదు.

---

తాడికొండ_అమ్మాయి
16 మార్చి 2025, రాత్రి 11:48

అన్నయ్యా, మీ బాధ వేరు. మీరు కట్టారు. మీరు ఈ పక్కన నిలబడి వాదించక్కర్లేదు.

నేను ఆ పిల్లల్లో ఒకదాన్ని. "పిల్లలు పెద్దయ్యారుగా, ఇక ఎవరి పోషణకి" అన్న మాట దగ్గరే ఆగిపోయాను, అందుకే రాస్తున్నాను.

మా అమ్మకి ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది, 200 పేజీలది, అట్ట మీద ఏదో సిమెంటు బొమ్మ. అందులో రాసేది. "జూన్ – పెద్దదాని పుస్తకాలు 1,140 – గాజులు పెట్టి." "సెప్టెంబరు – చిన్నదానికి టైఫాయిడ్ – తమ్ముడు 3,000." అలా. ఒక వైపు ఖర్చు, ఎదురుగా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో. నాన్న పేరు ఎక్కడా ఉండదు. తిట్టుకూ ఉండదు, లెక్కకూ ఉండదు.

2022లో నాన్న దగ్గర్నుంచి పాత బాకీ వచ్చింది, 2 లక్షల 60 వేలు. నాకప్పుడు 27, ఉద్యోగం ఉంది. "ఇప్పుడెందుకమ్మా ఆ డబ్బు, మనకేం తక్కువ" అన్నాను. అమ్మ ఆ బుక్కు తీసి నా ముందు పెట్టింది. పెన్సిలుతో కొన్ని లైన్ల పక్కన టిక్కులున్నాయి, తీర్చేసినవి. టిక్కు లేనివే ఎక్కువ. అందులో మామయ్యవి కలిపితే 41 వేలు. మామయ్య 2020లోనే పోయాడు. అమ్మ ఆ డబ్బు పట్టుకుని అత్త దగ్గరికెళ్ళింది. "ఆయన ఇచ్చింది అప్పుగా కాదు వదినా, మేనకోడళ్ళకి" అని అత్త తీసుకోలేదు. గంటసేపు ఇద్దరూ ఏడ్చారు. అమ్మ వచ్చేటప్పుడు ఆ కవరు వాళ్ళ బియ్యం డబ్బాలో పెట్టి వచ్చింది. మర్నాడు అత్త ఫోన్ చేసి తిట్టింది, కానీ తిరిగి ఇవ్వలేదు. అత్తకీ అవసరమే.

మా పోషణ ఎప్పుడో అయిపోయిందండి. మేము తిన్నాం, చదివాం, పెద్దయ్యాం. దాని బిల్లు మాత్రం వేరేవాళ్ళ దగ్గర ఉండిపోయింది.

---

ఓరుగల్లు_తమ్ముడు
17 మార్చి 2025, ఉదయం 6:15

అక్కా. 🙏

---

కృష్ణలంక_వాసి
19 మార్చి 2025, రాత్రి 10:30

మూడు రోజులు రాయలేకపోయాను. కొన్ని సంగతులు చెప్పాలి.

గుమాస్తా గారు అడిగినప్పుడు పాత ఈ.పి. లేదన్నాను. మా లాయరు గారు కోర్టు కేసుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో పేరు మీద వెతికితే ఉంది. 2011 ఆగస్టులో వేసింది. 26 నెలల బాకీ, 78,000కి. "స్టాటిస్టికల్‌గా క్లోజ్" అని ఉందట.

లేదనే అనుకుంటున్నానని మీతో అన్నాను. మర్చిపోలేదు. అప్పుడు వకాల్తా ఇచ్చి ఒక వాయిదాకి వెళ్ళాను. తర్వాత వెళ్ళలేదు. వారంటు పట్టుకుని అమీనా (కోర్టు బంట్రోతు) మూడుసార్లు ఇంటికొచ్చాడు. మూడోసారి బయట తాళం వేయించి నేను లోపల ఉన్నాను. మా అమ్మ వీధి అరుగు మీద కూర్చుని "మావాడు ఊళ్ళో లేడు" అంది. ఆ తర్వాత ఇల్లు మారాం.

"ఇన్నేళ్ళు ఊరుకుంది" అని మొదట రాశాను. ఊరుకోలేదు.

---

పాత_గుమాస్తా
20 మార్చి 2025, ఉదయం 8:05

రాసినందుకు సంతోషం. లోపల తాళం వేసుకున్న చాలామంది ఆ మాట వకీలుకి కూడా చెప్పరు.

లెక్క మారింది. స్టాటిస్టికల్‌గా క్లోజ్ అంటే కోర్టు తన పెండింగు లెక్కల కోసం పక్కన పెట్టింది తప్ప, తేల్చి కొట్టేయలేదు. ఆమె వైపువాళ్ళు అర్జీ పెట్టి దాన్ని లేపితే పాతదే కొనసాగినట్టు, గడువు అడ్డం రాదని వాదిస్తారు. ఆ వాదనకి బలముంది. అంటే మీరు దాటిపోయిందనుకున్న 1,29,000లో 78,000 మళ్ళీ లేచి కూర్చుంటుంది. గడువు దాటిందని వాదించడానికి మిగిలేవి 2011 ఆగస్టు నుంచి 2012 డిసెంబరు దాకా పదిహేడు నెలలే. 51,000.

కరోనా కాలాన్ని (2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా) గడువు లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది గనక ఆ వాదనా గట్టిది కాదు. ఆ 51 వేల కోసం కొట్లాడతారా లేదా అన్నది ఇక మీ ఇష్టం. గడువు దాటితే వసూలు చేసే దారి మూసుకుపోతుంది, అంతే. మీరు ఇస్తే ఎవరూ వద్దనరు.

---

అడ్వకేట్_కడప
20 మార్చి 2025, ఉదయం 9:40

గుమాస్తా గారి మాటే నాది. ఇంకొకటి. కేసు కొట్లాడే బదులు లోక్ అదాలత్‌కి రెఫర్ చేయమని అడగండి. అక్కడ రాజీ అయితే ఆ అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. వాయిదాల్లో కట్టుకునే వెసులుబాటు అక్కడ బాగా దొరుకుతాది. 51 వేల మీద ఆమె పట్టు పడుతుందేమో, అది రాజీలో తేల్చుకోండి.

---

నేనూ_నాన్ననే
20 మార్చి 2025, రాత్రి 10:10

అమీనా సంగతి చదివాను. మొదటిరోజు మీ తరఫున మాట్లాడింది నేనే. ఏం అనాలో తెలియట్లేదు. మీ అమ్మగారితో కూడా అబద్ధం చెప్పించారే అనిపించింది. సరే, కట్టేయండి.

---

వేపచెట్టు
20 మార్చి 2025, రాత్రి 10:45

ఇంట్లో చెప్పారా?

---

కృష్ణలంక_వాసి
20 మార్చి 2025, రాత్రి 11:02

చెప్పానమ్మా. రెండురోజులు వంట చేసి పెట్టింది, మాట్లాడలేదు. ఈరోజు అడిగింది: "పిల్లల కోసం ఆవిడ తాకట్టు పెట్టుకుని ఉంటుందిగా, ఆ వస్తువుల్లో మంగళసూత్రం కూడా ఉందా?" నాకు తెలియదన్నాను.

---

డల్లాస్_చలిమంట
21 మార్చి 2025, ఉదయం 7:50

ఒక పక్కదారి ప్రశ్న. రేపు ఈయనకి అరవై దాటాక కొడుకు మీద సీనియర్ సిటిజన్ల చట్టం కింద మెయింటెనెన్సు అడగొచ్చా? అడ్వకేట్ గారూ, సరదాకే.

---

అడ్వకేట్_కడప
21 మార్చి 2025, ఉదయం 8:30

సరదా ప్రశ్న కాదు సార్. 2007 చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కి పోవచ్చు. నా దగ్గరికి వచ్చినాయి అట్లాంటివి. చిన్నప్పుడు నువ్వేం చేసినావ్ అని పిల్లలు అక్కడ అడుగుతారు, వినడానికి ఎవరికీ బాగుండదు. ఇక్కడితో ఆపుదాం.

---

కృష్ణలంక_వాసి
2 ఏప్రిల్ 2025, రాత్రి 9:15

తమ్ముడు వద్దన్నా బాబుకి ఫోన్ చేశాను. నచ్చజెప్పమని కాదు. వాడికి సంగతి తెలుసా అని అడుగుదామని.

వాడు అన్నాడు, "తెలుసు నాన్నా. ఆ లెక్క ఎక్సెల్లో వేసింది నేనే. మనియార్డరు ఫారాల కింది ముక్కలు అమ్మ దాచింది, పద్నాలుగూ కలిపి లెక్కేసింది నేనే." నాకు నోట మాట రాలేదు. కోపమా అని అడిగాను. "కోపమైతే పండక్కి ఎందుకు చేస్తాను? అమ్మమ్మ ఇంటి మీద తెచ్చిన అప్పు ఇంకా నడుస్తోంది. నా జీతంలోంచి కట్టేస్తానంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. అది నీ నాన్న కట్టాల్సింది, నువ్వు కాదు అంటోంది. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు నాకు. అప్పు తీర్చాకే అంటోంది. అందుకే వేయించాను" అన్నాడు.

పద్నాలుగు రసీదులు. నా దగ్గర ఆరే ఉన్నాయి. మిగతావి ఆమె దగ్గర లేకపోతే ఆ డబ్బు కూడా లెక్కకొచ్చేది కాదు.

---

తాడికొండ_అమ్మాయి
2 ఏప్రిల్ 2025, రాత్రి 9:50

పెద్దాయనా, ఆవిడ దగ్గర కూడా ఓ నోటుబుక్కు ఉండే ఉంటుంది.

---

ఓరుగల్లు_తమ్ముడు
2 ఏప్రిల్ 2025, రాత్రి 10:20

వద్దని నేనే అన్న. చేసింది మంచిగైంది అన్నా. మా నాయిన నాకట్ల ఒక్కసారి గూడ అడగలే, కోపమా అని.

---

కృష్ణలంక_వాసి
29 మే 2025, రాత్రి 8:40

లోక్ అదాలత్‌లో రాజీ అయింది. మా లాయరు గారు 51 వేల మాట ఎత్తబోతే నేనే ఆపాను. మొత్తం 3,04,500. లక్ష ముందు, మిగతా 2,04,500 నెలకి 12,000 చొప్పున పదిహేడు నెలలు, ఆఖరి నెల 500 కలిపి. లక్షకి మా ఆవిడ తన చిట్టీ పాడింది. అడగకుండానే.

ఆమెని ఎన్నో ఏళ్ళ తర్వాత చూశాను. జుట్టు తెల్లబడింది. సభ్యులు "ఇంకేమైనా చెప్తారా అమ్మా" అని అడిగితే, "పదో తేదీ దాటకుండా వేయమనండి" అంది. అంతే.

గుమాస్తా గారూ, ఇక ముందు ఎలా కట్టాలో, ఏం జాగ్రత్తలో చెప్పండి. ఈసారి తప్పు చేయదల్చుకోలేదు.

---

పాత_గుమాస్తా
30 మే 2025, ఉదయం 7:10

చేతికి మాత్రం ఇవ్వొద్దు, ఎంత చనువు కుదిరినా సరే. ఆమె ఖాతాకే, మీ ఖాతా నుంచే. షెడ్డు కుర్రాడి ఫోన్‌పేలోంచి కాదు. వేసేటప్పుడు వివరణ గడిలో ఈ.పి. నంబరు, ఎన్నో వాయిదానో రాయండి. మూడు నెలలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీసి ఒకే ఫైల్లో పెట్టండి, థర్మల్ కాగితం మీది అయితే జిరాక్సు తీయండి, అక్షరాలు చెరిగిపోతాయి. పదిహేడూ అయ్యాక ఆమె లాయరు చేత ఫుల్ శాటిస్‌ఫాక్షన్ మెమో (బాకీ మొత్తం ముట్టిందనే కాగితం) కోర్టులో వేయించండి. దాన్ని కోర్టు నమోదు చేసుకున్నాకే ఆ ఈ.పి. మూతపడుతుంది. నకలు తీసుకుని ఉంచుకోండి.

8వ తేదీకే వేయండి. 10వ తేదీ ఆదివారం వచ్చిందనో, సర్వర్ డౌన్ అయిందనో కథలొద్దు.

---

కృష్ణలంక_వాసి
8 జూన్ 2025, ఉదయం 10:05

మొదటి 12,000 వేశాను. వివరణ గడిలో "ఈపీ మనోవర్తి 1/17" అని రాశాను.

పాత మనియార్డరు ఫారంలో కింద కబురు రాయడానికి కాస్త ఖాళీ ఉండేది, గుర్తుందా ఎవరికైనా? నా దగ్గర మిగిలిన ఆరు రసీదులు చూస్తుంటే గుర్తొచ్చింది. పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా అక్కడ ఏమీ రాయలేదు.